కుర్చీ దొరికింది, గౌరవం దొరకలేదు

ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు రాజకీయాల్లోకి రావడం మనకిప్పుడు వింతేమీ కాదు. మన హైదరాబాదు అజారుద్దీన్‌నే చూడండి. 2009లో ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు నుంచి లోక్‌సభకు గెలిచారు. 2023లో సొంతూళ్లో, జూబ్లీహిల్స్‌లో ఓడిపోయారు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. క్రికెట్ కెప్టెన్ మంత్రి కావడం ఇదే మొదలేమో అనుకున్నవాళ్లూ ఉంటారు. కానీ అజారుద్దీన్ మొరాదాబాదు వెళ్లడానికి 72 ఏళ్ల ముందే, అదే రాష్ట్రంలో, భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన ఒక తెలుగాయన మంత్రి పదవిలో కూర్చున్నారు. ఆయనే విజయనగరం మహారాజకుమార్. పూర్తి పేరు పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు. లోకమంతా ముద్దుగా పిలిచిన పేరు విజ్జీ.

ఆడవాళ్ల పేజీలో ఈ క్రికెట్ రాజుగారి గొడవేమిటి అంటారా? ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఏ జిల్లాలో ఏ ఊరికెళ్లినా, పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకి ఇచ్చిన దగ్గర్నుంచీ ఒక మాట వినబడుతూనే ఉంది. ఆమెకేం తెలుసు, పేరుకే సర్పంచి, నడిపేదంతా ఆయనే అని. పదవి ఉంటే సరిపోదు, పని రావాలి కదా అని దీర్ఘాలు తీస్తారు. నిజమే, రావాలి. కానీ ఈ ప్రశ్న మగవాళ్లని, అందులోనూ డబ్బూ హోదా ఉన్న మగవాళ్లని ఎవరైనా అడిగారా? విజ్జీ జీవితం చదివితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రెండో కొడుకు కాశీకి

విజ్జీ 1905 డిసెంబరు 28న పుట్టారు. తండ్రి విజయరామ గజపతిరాజు విజయనగరం సంస్థానాధిపతి. ఈయన రెండో కొడుకు. రాజుల ఇళ్లల్లో రెండో కొడుకు సంగతి మనకు తెలిసిందే. వెండి కంచం ఉంటుంది, పట్టుబట్టలు ఉంటాయి, గద్దె మాత్రం ఉండదు. 1922లో తండ్రి పోయాక అన్నగారు అలక నారాయణ గజపతి రాజయ్యారు. తమ్ముడికి అప్పుడు పదహారేళ్లు. ఆ తర్వాత ఆయన కాశీలో ఉన్న కుటుంబ ఆస్తులు చూసుకోవడానికని అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. కాశీకి వెళ్లినవాడు కాటికి వెళ్లినవాడితో సమానం అని మన పెద్దవాళ్లు అనేవాళ్లు. విజ్జీ విషయంలో అది తిరగబడింది. ఆయన అసలు బతుకు కాశీలోనే మొదలైంది.

అజ్మీరులోని మేయో కాలేజీలో చదువుకున్నారు, ఇంగ్లండులో చదువుకున్నారు. టెన్నిస్ బాగా ఆడేవారు. పులుల వేటంటే ప్రాణం. కుమావూ ప్రాంతంలోని కాశీపూర్ రాజుగారి పెద్ద కూతుర్ని పెళ్లి చేసుకున్నారు. 1926లో సొంతంగా క్రికెట్ జట్టు కట్టి, తన బంగళా ఆవరణలోనే మైదానం వేయించారు. దేశంలోని మంచి ఆటగాళ్లని పిలిపించి, ఇంట్లో పెట్టుకుని, భోజనం పెట్టి ఆడించేవారు. ఇండోరు నుంచి ముస్తాక్ అలీ అనే స్కూలు కుర్రాణ్ణి కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించింది ఈయనే. ఆ కుర్రాడే తర్వాత దేశం మెచ్చిన బ్యాట్స్‌మన్ అయ్యాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1930లో శాసనోల్లంఘన ఉద్యమం ఉధృతంగా ఉండటంతో ఇంగ్లండు జట్టు మన దేశానికి రావలసిన పర్యటన రద్దయింది. విజ్జీ ఊరుకోలేదు. సొంత ఖర్చుతో ఒక జట్టు తయారుచేసి దేశమంతా, సిలోను దాకా తిప్పారు. ఆ జట్టులో ఎవరున్నారో తెలుసా? జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఆనాటి ప్రపంచంలో అంతకు మించిన ఓపెనింగ్ జోడీ లేదు. అంతకు ముందు ఇలాంటి పిలుపులు 5 సార్లు వస్తే కాదన్న హాబ్స్, ఈయన పిలిస్తే వచ్చాడు. కొన్నాళ్లకు వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ని కూడా రప్పించారు. 1934లో జార్డీన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు జట్టు మన గడ్డ మీద ఓడిపోయింది ఒకే ఒక్క మ్యాచ్‌లో, అదీ కాశీలో విజ్జీ జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. ఆట మీద ప్రేమ ఉంది, చేతిలో డబ్బుంది, నలుగురికీ పెట్టే గుణం ఉంది. ఇంతటితో ఆగి ఉంటే చరిత్రలో పెద్ద దాతగా మిగిలిపోయేవారు. ఆయనకు అది చాల్లేదు. భారత జట్టుకు కెప్టెన్ కావాలనిపించింది. గద్దె దక్కని రెండో కొడుక్కి ఏదో ఒక గద్దె కావాలనిపించడంలో ఆశ్చర్యమేముంది చెప్పండి!

పోర్‌బందర్ రాజు చేసిన పని

ఆ రోజుల్లో కెప్టెన్ అయ్యేది ఆట వచ్చినవాడు కాదు, వంశం ఉన్నవాడు. 1932లో మన దేశం మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్లినప్పుడు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజును పంపారు. విజ్జీకి డిప్యూటీ వైస్ కెప్టెన్ అని ఒక పదవి ఇచ్చారు. ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఆయన వెళ్లలేదు. మూడో కుర్చీ ఆయనకు ఆనలేదని అందరికీ అర్థమైంది.

పోర్‌బందర్ రాజుగారికి ఆట అంతంతమాత్రం. ఆయన చేసిన పరుగుల కంటే ఆయన దగ్గరున్న రోల్స్‌రాయిస్ కార్లే ఎక్కువని అప్పట్లో హాస్యమాడేవాళ్లు. కానీ ఆ రాజు చేసిన పని చూడండి. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదటి టెస్టు మొదలయ్యే వేళకి తాను పక్కకు తప్పుకుని, జట్టుని సి.కె. నాయుడి చేతుల్లో పెట్టారు. కొఠారి కనకయ్య నాయుడు మన తెలుగువాళ్లే. నాగపూర్‌లో స్థిరపడిన కుటుంబం. ఆయన రాజు కాదు, రాజు బంధువూ కాదు. ఇండోరు హోల్కరు మహారాజు సైన్యంలో ఉద్యోగి. బంతి కొడితే మైదానం దాటి పడేది. అలా ఇండియా మొట్టమొదటి టెస్టు కెప్టెన్ తెలుగు నాయుడయ్యారు. తనకు రానిది తనకు రాదని తెలుసుకోవడం కూడా గొప్పే. పోర్‌బందర్ రాజు పేరు ఈ రోజుకీ మర్యాదగా తలుచుకుంటున్నారంటే కారణం అదే.

విజ్జీ దారి వేరు. ఆయన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువుకి దగ్గరయ్యారు. ఢిల్లీలో కొత్తగా కట్టిన ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో వైస్రాయి పేరుతో పెవిలియన్ కట్టించి ఇచ్చారు. 1934లో రాష్ట్రాల మధ్య పోటీలు మొదలైతే, వాటికీ వైస్రాయి పేరిట బంగారు కప్పు ఇవ్వాలని ఆరాటపడ్డారు. పాటియాలా మహారాజు ఇచ్చిన రంజీ ట్రోఫీ నిలిచి, ఈయన కప్పు వెనక్కి పోయింది. అయినా బోర్డులో పట్టు మాత్రం దొరికింది. 1936 ఇంగ్లండు పర్యటనకు పటౌడీ నవాబు రానన్నారు. అప్పుడు బోర్డు పెద్దలు నాయుణ్ణి పక్కనపెట్టి విజ్జీని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. ఆటలోంచి రాజకీయాల్లోకి ఆయన తర్వాత వెళ్లారని అంటారు గానీ, నన్నడిగితే ఆయన రాజకీయం అక్కడే మొదలైంది. ఓట్లు కూడగట్టడం, పైవాళ్ల ప్రాపకం సంపాదించడం, ఎదుటివాణ్ణి తప్పించడం, అన్నీ అయ్యాయి కదా!

33 పరుగుల సర్

ఇంగ్లండుకి ఓడెక్కినప్పుడు విజ్జీ వెంట 36 సామాన్ల పెట్టెలు, ఇద్దరు నౌకర్లు ఉన్నారు. అక్కడ మొదలైన పంచాయితీ అంతా ఇంతా కాదు. జట్టు రెండు ముక్కలైంది. కెప్టెన్‌కి వత్తాసు పలికేవాళ్లు ఒకవైపు, నాయుడి మీద గౌరవం ఉన్నవాళ్లు ఒకవైపు. పొద్దున్నే ఫలహారాల బల్ల దగ్గర అందరి ముందూ నాయుణ్ణి అవమానించిన ఒక ఆటగాడికి, ఆ పనికి బహుమతిగా టెస్టులో చోటు దొరికిందని చెప్పుకునేవారు. ఎదుటి జట్టు కెప్టెన్‌కి బంగారు గడియారం బహుమతిగా ఇచ్చి సులువైన బంతులు వేయించుకున్నారన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

అన్నిటికంటే ఘోరం లాలా అమర్‌నాథ్ విషయంలో జరిగింది. ఆ పర్యటనలో అందరికంటే బాగా ఆడుతున్న కుర్రాడు అతను. ఒక మ్యాచ్‌లో బ్యాటింగ్‌కి ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, అతన్ని ఆపి ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపిస్తూ పోయారు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలుందనగా అతన్ని దింపారు. తిరిగొచ్చాక అతను కోపంతో సామాను విసిరికొట్టి, పంజాబీలో నాలుగు మాటలన్నాడు. అంతే, మొదటి టెస్టు కూడా ఆడకుండానే అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మధ్యలో యుద్ధం కూడా రావడంతో అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. ఒక మనిషి జీవితంలో మంచి ఆట ఆడగలిగిన వయసంతా అలా కరిగిపోయింది. 1947లో స్వతంత్ర భారత జట్టుకి కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్లింది అతనే. అది వేరే సంగతి. పోయిన పదేళ్లు ఎవరు తెచ్చిస్తారు?

మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనర్లుగా దిగారు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని విజ్జీ ముస్తాక్ చెవిలో ఊదారని, ముస్తాక్ నేరుగా వెళ్లి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడని, ఇద్దరూ నవ్వుకుని ఆట మొదలెట్టారని చెబుతారు. నవ్వుకుని ఊరుకోలేదు, 203 పరుగుల భాగస్వామ్యం కట్టారు. ఇద్దరూ సెంచరీలు కొట్టారు. కాశీలో అన్నం పెట్టి ఆట నేర్పించిన కుర్రాడే తప్పుడు మాట వినలేదు చూశారా! తిన్న ఇంటికి కృతజ్ఞత ఉంటుంది గానీ, తోటివాడిని ముంచే పని అందులోకి రాదు.

మూడు టెస్టుల్లో రెండు ఓడి, ఒకటి డ్రా చేసుకుని జట్టు తిరిగొచ్చింది. కెప్టెన్‌గారు 6 ఇన్నింగ్స్‌లలో కలిపి చేసినవి 33 పరుగులు. పర్యటన సాగుతుండగానే ఆయనకు ఇంగ్లండు రాజుగారు సర్ బిరుదు మాత్రం ఇచ్చారు.

ఇంటికొచ్చాక విచారణ కమిటీ పడింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ పెద్ద. 1937 జనవరిలో వచ్చిన నివేదికలో కెప్టెన్‌కి మైదానంలో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియదని, బౌలర్లని ఎప్పుడు మార్చాలో తెలియదని, బ్యాటింగ్‌లో ఒక వరస అంటూ లేదని తేల్చి రాశారు. నలుగురిలో పరువు పోయింది.

మూడున్నర నెలల మంత్రి

మామూలు మనిషయితే ఆ అవమానానికి ఇల్లు కదలడు. విజ్జీకి మాత్రం అదే ఏడాది ఇంకో కుర్చీ ఎదురొచ్చింది.

1935 చట్టం ప్రకారం 1937 మొదట్లో రాష్ట్రాల్లో ఎన్నికలు జరిగాయి. ఉత్తరప్రదేశ్‌ని అప్పట్లో సంయుక్త రాష్ట్రాలనేవారు. అక్కడ కాంగ్రెస్‌కి పూర్తి మెజారిటీ వచ్చింది. కానీ గవర్నర్లు తమ ప్రత్యేక అధికారాలతో అడ్డుపడబోమని మాట ఇస్తే తప్ప మంత్రివర్గం ఏర్పాటుచేయమని కాంగ్రెస్ పట్టుబట్టింది. దాంతో గవర్నరు జమీందారుల పక్షానికి చెందిన ఛతారీ నవాబుని పిలిచి ఏప్రిల్ 1న మంత్రివర్గం వేయించారు. అందులో విజ్జీ ఒక మంత్రి. సభలో బలం లేని మంత్రివర్గం అది. గవర్నరు అండ ఒక్కటే ఆధారం. జూలైలో కాంగ్రెస్ మనసు మార్చుకుని, గోవింద వల్లభ పంత్ ముఖ్యమంత్రిగా రాగానే పాతవాళ్లు ఇంటికి వెళ్లారు. మొత్తం మూడున్నర నెలలు.

ఈ రెండు కుర్చీలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1936లో కెప్టెన్ కుర్చీ, 1937లో మంత్రి కుర్చీ. మొదటిది ఆట బలంతో వచ్చింది కాదు, రెండోది జనం బలంతో వచ్చింది కాదు. రెండింటికీ పైవాళ్ల దయే పునాది. పైవాడు చెయ్యి తీయగానే రెండూ కూలిపోయాయి. ఇంట్లో మనం చూస్తుంటాం కదా, అత్తగారు తాళంచెవులిచ్చిన కోడలు వేరు, ఇల్లంతా తనదనుకునేలా చేసుకున్న కోడలు వేరు. మొదటామె దగ్గర తాళాలుంటాయి, మాటకి విలువుండదు.

నాయుడికి పిలుపు

ఆ తర్వాత చాలా ఏళ్లు విజ్జీ క్రికెట్‌కి దూరంగా ఉండిపోయారు. 1947లో, స్వాతంత్ర్యం వచ్చే ముందు, తెల్లవాళ్లిచ్చిన సర్ బిరుదు వదిలేశారు. తర్వాత నెమ్మదిగా ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘం పనుల్లోకి వచ్చారు. 1954 నుంచి 1956 వరకు దేశ క్రికెట్ బోర్డుకి అధ్యక్షుడిగా ఉన్నారు. ఈసారి బ్యాటు పట్టుకోలేదు, కెప్టెన్సీ అడగలేదు. తనకు నిజంగా చేతనైన పని చేశారు. అంటే మనుషుల్ని పోగు చేయడం, వసతులు చూడటం, డబ్బు తేవడం.

ఆ రోజుల్లోనే ఆయన చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. ఉత్తరప్రదేశ్ జట్టు బలహీనంగా ఉంది. కుర్రాళ్లకి దారి చూపే పెద్ద కావాలి. విజ్జీ ఎవర్ని పిలిచారో ఊహించండి. సి.కె. నాయుణ్ణి! తాను తోసేసిన మనిషిని, తన వల్ల ఫలహారాల బల్ల దగ్గర అవమానం పడ్డ మనిషిని పిలిచి, జట్టు మీ చేతుల్లో పెడుతున్నానన్నారు. నాయుడికి అప్పటికి 61 ఏళ్లు. మనవలతో ఆడుకునే వయసు. ఆయనా బెట్టు చేయలేదు. 1956-57 రంజీ పోటీల్లో ఉత్తరప్రదేశ్‌కి కెప్టెన్‌గా దిగారు. పిలిచిన పెద్దమనసు ఎంతటిదో, వచ్చిన పెద్దమనసు అంతకంటే పెద్దది. పోర్‌బందర్ రాజు 1932లో చేసిన పని, విజ్జీ 24 ఏళ్ల తర్వాత చేశారన్నమాట. ఆలస్యమైనా చేశారు.

1958లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1959లో మన జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు బీబీసీ వాళ్లు వ్యాఖ్యానానికి పిలిచారు. ఆయన వ్యాఖ్యానం కాస్త సాగదీతగా ఉండేదని నవ్వుకునేవాళ్లు. ఆయన ఓసారి పులుల్ని ఎలా వేటాడారో వర్ణిస్తుంటే, రేడియోలో తమరి వ్యాఖ్యానం పెట్టి ఉంటారు, విసుగుతో అవే చచ్చుంటాయని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడని ఒక జోకు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1960లో ఉప ఎన్నికలో కాంగ్రెస్ తరఫున విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లారు. పదహారేళ్లకు తండ్రిని పోగొట్టుకుని ఊరొదిలిన రెండో కొడుకు, యాభై నాలుగేళ్ల వయసులో సొంత గడ్డ మీద జనం ఓట్లతో గెలిచి సభలో కూర్చున్నారు. ఈ కుర్చీ వైస్రాయి ఇచ్చింది కాదు, గవర్నరు ఇచ్చింది కాదు. 1965 డిసెంబరు 2న కాశీలోనే కన్నుమూశారు. ఆయన పేరు మీద విశ్వవిద్యాలయాల జట్ల మధ్య విజ్జీ ట్రోఫీ పోటీలు పెట్టారు. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది.

ఇంకో చిన్న సంగతి. నాయుడుగారి కూతురు చంద్ర నాయుడు ఇండోరులో ఇంగ్లీషు బోధించేవారు. 1977లో ఇండోరులో ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టు ఆడిన మ్యాచ్‌కి ఆమె రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి స్త్రీ ఆమే. తండ్రి కథను పుస్తకంగా కూడా రాశారు.

మన ఊళ్ల సంగతి

ఇప్పుడు మొదట అనుకున్న మాటకి వద్దాం. పేరుకే సర్పంచి అని మన ఆడవాళ్లని ఎత్తిపొడిచేవాళ్లకి చెప్పాల్సింది ఏమిటంటే, పేరుకే కెప్టెన్, పేరుకే మంత్రి అయినవాళ్లలో చదువూ డబ్బూ వంశమూ అన్నీ ఉన్న మగవాళ్లు కూడా ఉన్నారు. పదవికీ పనితనానికీ పొత్తు కుదరకపోవడం ఆడవాళ్లు కనిపెట్టిన జబ్బు కాదు.

మనం మనకి చెప్పుకోవాల్సింది మరొకటుంది. విజ్జీ తప్పు ఇంకొకరి అండతో కుర్చీ ఎక్కడం కాదు. ఎక్కాక నేర్చుకోకపోవడం, వచ్చినవాళ్లని దగ్గరకు రానివ్వకపోవడం. రిజర్వేషన్‌తో వచ్చినా, ఇంటాయన పేరుతో వచ్చినా, కుర్చీ కుర్చీయే. అందులో ఆయన కూర్చుంటే మాత్రం ఒక చిక్కుంది. చెక్కు మీద సంతకం ఆమెది. గ్రామసభ తీర్మానం మీద పేరు ఆమెది. రేపు లెక్క తేలకపోతే నోటీసు వచ్చేదీ ఆమె పేరు మీదే. బోమాంట్ నివేదిక కూడా కెప్టెన్ పేరే రాసింది గానీ, చుట్టూ చేరి భజన చేసినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

కాబట్టి కొత్తగా గెలిచిన అక్కలూ చెల్లెళ్లూ, తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. పంచాయతీ కార్యదర్శిని అడగండి, ముందు చేసినామెని అడగండి. ఆమె మీ మీద పోటీ చేసి ఓడినామె అయినా సరే అడగండి. కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. మీకంటే పని బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే నాయుణ్ణి పిలిచినట్టు పిలవండి, కానీ ముందే పిలవండి. విజ్జీకి ఆ సంగతి తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మనకి పంచాయతీలో ఉండేది ఐదేళ్లే.